మేవిస్ ఊదని విజిల్

"ఆ వాక్యం కొట్టెయ్," అన్నాడు ఆర్విల్.

"ఏ వాక్యం నాన్నా?"

"నలభై ఏళ్ళలో మీ అమ్మ ఒక్క క్షణం కూడా పొరబడలేదని రాశావే, అది."

కార్లా కాగితాన్ని గుండెకు అదుముకుంది. మొంటానా జూలై ఎండలో, ఎద్దుల మీద స్వారీ పోటీలు జరిగే రోడియో మైదానం చుట్టూ జనం నిండిపోయారు. పోటీలకు ముందు, మూడు వారాల కిందట పోయిన తల్లి మేవిస్‌ను తలుచుకోవాలి. ఆ మైదానంలో నలభై ఏళ్ళు స్టాప్‌వాచ్ పట్టి, గడువు కాగానే విజిల్ ఊదుతూ కూర్చున్నది ఆమే.

"మిగతాదంతా ఉండనీ. మంచులో దూడలకు పురుళ్ళు పోసింది, నిజం. పశువులకు వాతలు వేసే రోజున ముప్పై మందికి వండిపెట్టి, తాను నిలబడే తిన్నది, అదీ నిజం. నన్ను మాత్రం ముంచింది. గెలవడానికి కావలసిన ఎనిమిది సెకన్లూ ఎద్దు మీద ఉన్నాను. విజిల్ ఊదలేదు. రాష్ట్ర ఛాంపియన్ కావలసినవాణ్ణి దుమ్ము దులుపుకొని ఇంటికొచ్చాను."

"నువ్వు పడ్డచోట మొలిచిన గడ్డిని మూడు తరాల ఆవులు మేశాయి. ఇంకా అదే గొడవా? ఏడు సెకన్లకే పడ్డావని అమ్మ చివరిదాకా చెబుతూనే ఉంది."

"నేనూ చెబుతూనే ఉన్నాను. ఎనిమిదంటే ఎంతో నా ఎముకలకు తెలుసు."

"ఎముకలకా! సరే, ఇవాళ తేల్చేద్దాం." కార్లా తల్లి స్టాప్‌వాచ్ తీసి అతని అరచేతిలో పెట్టింది. "అమ్మకోసం అందరూ టోపీలు తీసి ఎనిమిది సెకన్లు మౌనంగా నిలబడతారు. నువ్వు టోపీ పెట్టుకున్నాకే వాళ్ళూ పెట్టుకుంటారు. ఎనిమిదయ్యాయని నీకు అనిపించగానే, ముల్లు చూడకుండా ఆపు. ఎనిమిదైతే వాక్యం కొట్టేస్తాను. కాకపోతే మైకులో నువ్వే చదవాలి."

"కలం సిద్ధంగా పెట్టుకో."

జనం లేచారు. టోపీలన్నీ దిగాయి. ఆర్విల్ మీట నొక్కి కళ్ళు మూసుకున్నాడు.

చెక్కల కంచె వెనక ఒక ఎద్దు బుసకొట్టి ఊరుకుంది. అతడు ఎద్దుల మీద ఎగిరిపడిన రోజుల్లో మేవిస్ కళ్ళు ముల్లు మీదే ఉండేవి. వాటిలో ఏముండేదో అడగాలని అతనికెన్నడూ తోచలేదు. ముప్పై ఆరేళ్ళు భోజనాల బల్ల దగ్గర ఏడని ఆమె, ఎనిమిదని తాను. వాళ్ళింట చల్లారని పొయ్యి ఆ వాదం ఒక్కటే. మూడు వారాలుగా అతడు ఎనిమిదన్నా, కాదనేవాళ్ళు లేరు.

మళ్ళీ మీట నొక్కాడు. కళ్ళు తెరిచి అరచేతిలోకి చూశాడు. గుప్పిట మూసి, మెల్లగా టోపీ పెట్టుకున్నాడు.

"ఎంత?" కార్లా కలం మూత తీసింది.

ఆమె చేతిలోని కాగితం అందుకొని మైకు దగ్గరికి నడిచాడు.

"మేవిస్," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "నలభై ఏళ్ళలో మేవిస్ ఒక్క క్షణం కూడా పొరబడలేదు."

చప్పట్లు మోగాయి. కార్లా కన్నీళ్ళతోనే నవ్వుతూ అతని భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"చూశావా? ఓడిపోయావు కదూ!"

"ఏడే తల్లీ. మీ అమ్మ చెప్పినట్టు, ఏడే."

ఆమె వెళ్ళాక ఆర్విల్ గుప్పిట విప్పాడు. ముల్లు వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ కాకుండా ఎనిమిది మీద నిలిచి ఉంది.