చెంబులోంచి చెంబులోకి

ఇంటి దస్తావేజులకు నకళ్లు తీయించుకుందామని పరుపుల షాపాయన జిరాక్స్ కొట్టులోకి అడుగుపెట్టగానే కరెంటు పోయింది.

వచ్చేదాకా కూర్చోమన్నాడు జిరాక్సాయన.

ఖాళీగా ఉన్న ఒక్క కుర్చీ మూలనున్న బల్ల ముందుంది. బల్ల వెనక యాభై ఏళ్లావిడ బొమ్మల కార్డులు పేర్చుకుంటోంది. పక్కన చిన్న అట్ట: ‘టారో జోస్యం చూడబడును.’

ఆయన కూలబడ్డాడు. రోజంతా పరుపుల గొప్ప వర్ణించి అమ్మే మనిషి, తను కంటినిండా నిద్రపోయి నెలలు దాటింది.

మర్నాడు ఇల్లు తాకట్టు పెట్టాలి. భార్య సంతకం పెడతానంది, తన అభిప్రాయం మాత్రం అడగొద్దంది. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆయనకు అన్నం సయించడం లేదు.

ఊరికే కూర్చోలేక రేటెంత అని అడిగాడు. మీ ఇష్టం అందావిడ. మీ ఇష్టం అనేవాళ్ల దగ్గరే జేబు ఎక్కువ ఖాళీ అవుతుందని ఆయన అనుభవం. రెండు టీల డబ్బుకు ముందే బేరం ఖాయం చేసుకున్నాడు.

“అప్పు తెచ్చి రెండో షాపు నిలబెడదామనుకుంటున్నా. కలిసొస్తుందా రాదా, అది చెప్పండి చాలు.”

“అది నాకు తెలీదండీ. కార్డుకీ తెలీదు. బొమ్మ చూసి మీకేం తోస్తే అది చెప్పండి. నేను అడుగుతానంతే.”

డబ్బిచ్చి మరీ తనే చెప్పుకోవడమేమిటో ఆయనకు అర్థం కాలేదు.

ఆవిడ ఒక కార్డు తిప్పింది. ఒక మనిషి నాణేన్ని గుండెకు హత్తుకుని, మరో రెంటిని కాళ్లతో తొక్కిపట్టి కూర్చున్నాడు.

“ఏం చేస్తున్నాడు?”

“పొదుపు.”

“లేవగలడా?”

ఆయన కాసేపు చూశాడు. లేస్తే కాళ్ల కిందవి దొర్లిపోతాయి.

“ఇది వద్దమ్మా, ఇంకోటి తియ్యండి,” అన్నాడు, నచ్చని దిండు గలీబు పక్కన పెట్టించినట్టు.

ఆవిడ నీరసంగా నవ్వి ఇంకోటి తీసింది. రెక్కలున్న మనిషి ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి నీళ్లు వంపుతున్నాడు.

“మీకున్నవి రెండు షాపులు. ఏది దేన్ని నింపుతోంది?”

ఈ ప్రశ్న ఆయన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. బావమరిదికి రెండు షాపులున్నాయని తనూ రెండోది తెరిచాడు. రెండు గల్లాలూ ఒకే సంచిలో పోసుకుని ఇంటికెళ్లి లెక్క చూసుకునేవాడు. కలిపి చూస్తే ఏదో నడుస్తున్నట్టే ఉండేది.

“పాతది కొత్తదాన్ని,” అన్నాడు చివరికి.

“కొత్తది ఎక్కడ?”

“ఆస్పత్రి వీధి మొదట్లో. మూల షాపు.”

ఆవిడ చేతిలో కార్డులు ఆగాయి. తర్వాత వాటి అంచులు అవసరానికి మించి సర్దింది.

“రేపు తెచ్చే అప్పు ఎక్కడ పోస్తారు?”

“ముందు ఆ షాపు అద్దె బాకీకి. ఓనరు మొహం నేనెప్పుడూ చూళ్లేదు గానీ, ఏజెంటు పీక మీద కూర్చున్నాడు. మిగిలితే సరుక్కి.”

“అద్దెకి పోసింది మళ్లీ మీ దగ్గరికొస్తుందా?”

ఆయన చేతిలోని దస్తావేజులు ఒళ్లోకి దించుకున్నాడు.

“ఇల్లు పెట్టి అద్దె కట్టకండి,” అందావిడ. అడగడమే తప్ప చెప్పనన్న మనిషి, చెప్పింది ఆ ఒక్క మాటే.

కరెంటొచ్చింది. జిరాక్సాయన కాగితాల కోసం చెయ్యి చాపాడు. పరుపుల షాపాయన వాటిని సంచిలోకి తోసేశాడు. బల్ల మీద పెట్టిన డబ్బులోంచి ఒక టీ డబ్బు వెనక్కి తీసుకున్నాడు. జోస్యమే చెప్పనప్పుడు పూర్తి రేటెందుకని ఆయన వాదన. ఆవిడ బేరమాడలేదు.

ఆ వారమే మూల షాపు ఖాళీ చేశాడు. ముందుగా చెప్పనందుకు ఇంకో రెండు నెలల అద్దె కోస్తారని భయపడ్డాడు. కొయ్యలేదు. బాకీ పోను మిగిలిన అడ్వాన్సు ఏజెంటే తెచ్చిచ్చాడు. ఓనరు వదిలెయ్యమన్నారని, తనైతే వదిలేవాణ్ణి కానని విసుక్కున్నాడు.

“ఓనరెవరో వ్యాపారం తెలియని మనిషిలా ఉన్నారు,” అన్నాడాయన ఇంటికెళ్లి. భార్య చాలా రోజుల తర్వాత నవ్వింది.

బావగారు బరువు దించుకున్నారని బావమరిది నలుగురిలో దెప్పాడు. మింగడం కష్టమే అయింది గానీ, నెలనెలా వాయిదాలు కట్టడం కంటే నయమనుకున్నాడు.

ఇల్లు దక్కింది. పాత షాపు మెల్లగా తేరుకుంది. ఆయనకు నిద్ర పట్టసాగింది.

ఏడాది తిరిగాక, అమ్ముడుపోని సరుకులోంచి కాకుండా కొత్తగా వచ్చిన వాటిలోంచి మంచి దూది దిండొకటి తీసుకుని జిరాక్స్ కొట్టుకు వెళ్లాడు.

మూల బల్ల మీద లామినేషన్ మెషీను ఉంది.

ఆవిడ వాళ్లక్క ఊరికి వెళ్లిపోయిందని జిరాక్సాయన చెప్పాడు. ఇక్కడ బతుకు గడవలేదట. షాపు అద్దెకివ్వాలని నెలల తరబడి చూసి, ఎవరూ రాకపోతే వచ్చిన ధరకు అమ్మేసిందట.

“ఆవిడకి షాపుందా? ఎక్కడ?”

జిరాక్సాయన మెషీను ఆపి, దిండు వైపూ ఆయన వైపూ చూశాడు.

“మీరు ఖాళీ చేసిందేనండీ. మీ అద్దె రావడం ఆగిపోయాకే కదా, ఇల్లు గడవక ఆవిడ ఈ కార్డులు పట్టుకుని ఇక్కడ కూర్చుంది.”