కంది చేను మీద ఆగిన చుక్క

ఎర్రచుక్క కదలడం లేదు.

ఫోన్‌లో పటం తెరిచి చూడటం, మూసెయ్యడం, మళ్లీ తెరవడం. పొద్దున్నుంచి నందినికి ఇదే పని. మొన్న మధ్యాహ్నం ఆ చుక్క మొగుడంపల్లి దారిలో ఒక కంది చేను మీదికొచ్చి ఆగింది. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆ చుక్క ఒక పాలపిట్ట. మన దగ్గర కనబడే రకం కాదు. కజకిస్తాన్‌లో పుట్టి, చలికాలం గడపడానికి ఆఫ్రికా పోయే జాతి. దారి తప్పి ఇటొచ్చింది. జహీరాబాద్ కాలేజీలో జువాలజీ చెప్పే నందిని ఎండాకాలం పిట్టల పరిశోధనలో శిక్షణ కోసం కజకిస్తాన్ వెళ్లింది. ఈ పిట్ట వీపు మీద, అది ఎక్కడుందో తెలిపే చిటికెడు బరువున్న యంత్రాన్ని పట్టీలతో బిగించింది తన చేతులతోనే. అప్పటి నుంచి ఆరు దేశాల పరిశోధకులు ఒకే పటంలో దాని ప్రయాణం చూసుకుంటున్నారు. యంత్రాలు కట్టిన పిట్టల్లో బతికి ఉన్నది ఇదొక్కటే.

చుక్క జహీరాబాద్ వైపు తిరిగినప్పుడు నందిని సంబరం అంతా ఇంతా కాదు. మా వైపు వచ్చిందంటే ఇంక భయం లేదని ఆరు దేశాలకూ గొప్పగా రాసింది.

తీరా చూస్తే రేపు దసరా.

పండుగ నాడు పాలపిట్టను చూస్తే శుభం. చెట్టు మీద వెతుక్కునే ఓపిక జనానికి లేదు కాబట్టి, వల వేసి పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి ఇంటింటికీ తిప్పేవాళ్లు తయారయ్యారు. ఆ తిప్పుడుకు పిట్ట బతికి బట్టకట్టదు. కజకిస్తాన్ నుంచి, శిక్షణ ఇచ్చిన ఐగుల్ మెసేజ్ మీద మెసేజ్ పెడుతోంది. సాయంత్రానికల్లా పిట్ట ఆచూకీ తెలియకపోతే పటంలో ‘చనిపోయింది’ అని రాసి మూసేస్తారట. నందిని స్కూటీ తీసింది.

చేను దగ్గర ఒక పెద్దావిడ కంప కంచె పక్కన నిలబడి దారి కాస్తోంది. పేరు అనంతమ్మ. చేను ఆమెదే.

యంత్రం సంగతి నందిని బయటపెట్టలేదు. ఖరీదైన వస్తువని తెలిస్తే దొరికేది కూడా దొరక్కుండా పోతుందని భయం. పాలపిట్టను హింసపెట్టినవాడు ఇటువైపే ఎక్కడో ఉన్నాడని, వాడి కోసం తిరుగుతున్నానని మాత్రం చెప్పింది.

అనంతమ్మ ముఖం ఎర్రబడింది. "నేను గూడ మొన్నటి సంది వాని కోసమే సూస్తున్న బిడ్డా. నోరులేని పిట్టకు గంత కష్టం పెడ్తడా? దొరకనీ వాని సంగతి చెప్త."

కొంగు నడుముకు చుట్టి, ఎవరూ పిలవకుండానే స్కూటీ వెనక ఎక్కి కూర్చుంది. నందినికి ప్రాణం లేచొచ్చినట్టయింది.

చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కన ఆయుధపూజకు లారీలు కడుగుతున్నారు. అక్కడొకడు పంజరంతో దొరికాడు. నందిని ఆత్రంగా తొంగిచూసింది. ఇక్కడి పిట్టే. అనంతమ్మ మాత్రం పిట్ట మొహం చూడలేదు. వాడి సంచి గుంజుకుని బోర్లించి, దారాలన్నీ వేళ్లతో నలిపి చూసింది.

"వీడు గాదు. వీనికి గంత తెల్వి లేదు."

పోతూ పోతూ పిట్ట కట్లు విప్పి వదిలేసింది. వాడు లబోదిబోమంటుంటే తిరిగి చూడనైనా లేదు.

కోహీర్‌లో గుండయ్య అనేవాడు పిట్టలు పడతాడని విని అక్కడికీ పోయారు. పోయినేడు కేసు పెట్టినప్పుడే ఆ పని మానేశానని వాడు ఒట్టేసి చెప్పాడు. అనంతమ్మ వాణ్ని ఎగాదిగా చూసి, నీకు కుట్టుపని వచ్చా అని అడిగింది. సూదిలో దారం ఎక్కించడం కూడా రాదన్నాడు వాడు. ముసలామెకు కోపం ఎక్కువై మతి ఎటో పోతోందని నందిని అనుకుంది. అయినా ఇంత తోడు ఇంకెవరిస్తారని ఆమె మీద ప్రేమ పొంగింది.

ఊరూరూ తిరిగారు. సంతలో అడిగారు, బస్టాండులో అడిగారు. దారి పొడవునా ఫోన్ తీసి చూడటం, జేబులో పెట్టుకోవడం. చుక్క కదలలేదు.

పొద్దు వాలింది. నందిని స్కూటీ రోడ్డు పక్కన ఆపింది. ఐగుల్‌కు ‘చనిపోయింది’ అని రాసి పంపింది. ఇంక ఆపుకోలేక బావురుమంది.

"ఇగ ఎంత తిరిగినా లాభం లేదు పెద్దమ్మా. పిట్ట సచ్చిపోయుంటది."

అనంతమ్మ ఆమెను వింతగా చూసింది.

"పిట్ట ఎందుకు సస్తది బిడ్డా, కంపకు చిక్కి కొట్టుకుంటుంటే మొన్న నేనే పట్టీలు కోసి, ఆ డబ్బను బాయిల పారేసి, దాన్ని ఎగరగొట్టిన, మనకు దొరకాల్సింది దాని ఈపు మీద అది కట్టిన పాపాత్ముడు గద."