ఎనిమిది రావాల్సిన చోట

మళ్లీ రెండే వచ్చింది.

పరిశోధకురాలికి తల గోడకేసి బాదుకోవాలనిపించింది. ఇది ఎనిమిదోసారి! ఒక కార్బన్‌కూ, మూడు బంధాల అవతలున్న హైడ్రోజన్‌కూ మధ్య కప్లింగ్, అంటే ఒకదాని ప్రభావం మరొకదాని మీద ఎంతుందో, కొలవాలి, అంతే పని. ఇరవై రెండేళ్ల కిందటి పేపర్‌లో అది ఎనిమిది హెర్ట్జ్ అని ఉంది. ఆ అంకెను పట్టుకునే అణువు ఆకారం గీశారు, లోకమంతా నమ్మింది. ఈమె టూ-డీ ఎన్ఎమ్ఆర్ మెషీన్‌లో పెట్టి చూస్తే మాత్రం చచ్చినా రెండు దాటడం లేదు.

ఒక్కో కొలతకు పద్నాలుగు గంటలు. ఫెలోషిప్ ఈ నెలాఖరుతో సరి. ఈ అంకె తేలితే తప్ప థీసిస్ కదలదు.

కాగితాలు పట్టుకుని గైడ్ గదికి వెళ్లింది. ల్యాబ్‌లో ఆవిడకు ‘మళ్లీ మేడం’ అని పేరు. ఊరికే రాలేదు.

"మళ్లీ చెయ్యి," అంది మేడం.

"ఎన్నిసార్లు మేడం? ట్యూబు మార్చాను. శాంపిల్ కొత్తగా చేశాను. ఇంకో మెషీన్ మీదా పెట్టి చూశాను. నా కొలతలో తప్పేదో చెప్పండి, దిద్దుకుంటాను."

"తప్పుందని నేనన్నానా?"

"మరెందుకు నన్నిలా కాల్చుకు తింటున్నారు?" నోరు జారింది. ఇక ఆగలేదు. "ఆ పేపర్ రాసినవాళ్లెవరో గానీ కళ్లు మూసుకుని కొలిచినట్టున్నారు. ఒకదాని మీద ఒకటి పడ్డ సిగ్నళ్లను విడదీయకుండా తోచిన అంకె వేసేశారు. వాళ్ల నిర్వాకానికి నేను చావాలా?"

మేడం ఆమె చేతిలోని కాగితాలు తీసుకుని ఆఖరి పేజీ దాకా చూసింది.

"ఇంకొక్కసారి. ఈసారి నేనూ పక్కన కూర్చుంటాను."

కూర్చుంది కూడా. శాంపిల్ తనే తూచింది, ట్యూబు తనే మెషీన్‌లో దించింది. మర్నాడు పొద్దున తెరమీద అంకె కనబడింది. రెండు పాయింట్ ఒకటి.

"సరే, థీసిస్ రాసెయ్."

పరిశోధకురాలికి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఈ ముక్క నెల కిందటే అనుంటే ఈవిడ సొమ్మేం పోయేది?

మధ్యాహ్నం మేడం ఒక ఉత్తరం చేతికిచ్చి, స్కాన్ చేసి పత్రికకు పంపమంది. ఆ పాత పేపర్ తప్పు, దాన్ని తీసెయ్యండి అని అందులో ఉంది.

"మనం అడిగితే తీస్తారా మేడం? రాసినవాళ్లే అడగాలేమో!"

"పంపమ్మా," అంటూ మేడం క్లాసుకు వెళ్లిపోయింది.

విసుక్కుంటూనే ఉత్తరాన్ని స్కానర్ మీద పెట్టబోయింది. అడుగున మేడం సంతకం, పెళ్లికి ముందటి ఇంటిపేరుతో. ఆ పాత పేపర్ మీద ఉన్నదీ అదే పేరు.