ఎడమవైపు గంట

పక్షవాతం కొట్టాక దర్జీకి ఎడమచెయ్యి చచ్చుబడిపోయింది. దాన్నే వాడక తప్పనట్టు చేసి దారికి తేవాలని ఆసుపత్రివాళ్లు పగలంతా బాగున్న కుడిచేతికి మందపాటి తొడుగేసి పట్టీ బిగించేవాళ్లు. నర్సుని పిలిచే, తీగకున్న గంట మీటనీ పక్కమీద ఎడమవైపే పెట్టారు. ఒక్క వేలూ కదిలింది లేదు. రాత్రికి తొడుగు విప్పడం భార్య పని. ఆ సాయంత్రం ఆవిడ, "మనసు పెడితేగా మీరు," అని విసుక్కుని, విప్పకుండానే వెళ్లిపోయింది.

దీపాలార్పిన కాసేపటికి గంట మోగింది. నర్సు వచ్చింది.

"ఏం కావాలి బాబాయ్?"

"నేను నొక్కలేదమ్మా," అన్నాడు ముద్దమాటగా.

"మరి నేను నొక్కానా? చెయ్యి వచ్చేసిందన్నమాట. పొద్దున పిన్నికి చెప్తాలే."

తొడుగు సంగతి చెప్పేలోపే వెళ్లిపోయింది.

చీకట్లో అతనికి నిద్రపట్టలేదు. ఇన్నేళ్లూ గుడ్డ కదలకుండా పట్టుకున్నది ఎడమచెయ్యే. సూది దిగిందీ దాని వేళ్లలోకే. పేరు మాత్రం కుడిచేతికొచ్చింది. కుట్టు వంకరపోయినప్పుడల్లా అతను తిట్టింది ఎడమచేతినే.

దుప్పటి కింద ఏదో మెల్లగా పాకుతూ వచ్చి కుడి మణికట్టు దగ్గర ఆగింది. పట్టీ చర్రుమని ఊడింది. హమ్మయ్య అనుకున్నాడు.

ఊడిన పట్టీ, కొలత సరిచూసుకుంటున్నంత నిదానంగా, ఇందాకటికన్నా గట్టిగా బిగుసుకుంది.

ఆ తర్వాత ఎడమవైపు గంట మీట మంచం దిగువకి జారి నేలమీద పడిన చప్పుడైంది.