తడిచేతి బిళ్ల

బిళ్ల వేస్తేనే కుళాయి బిందెడు నీళ్లిచ్చే రోజులవి. మీట నొక్కితే మోటారు చిల్లుల పళ్లేన్ని తిప్పి ఒక్కో బిళ్లనే కింద పడేసే ఇనప పెట్టెలను ఇంటింటికీ బిగించడం సైదమ్మ పని. ఆ పూట అచ్చమ్మ వాళ్ల వంటింట్లో కరెంటు ఆపి, పెట్టెను గోడకు బిగించి, ఎర్తు తీగ కోసం సంచి వెతికింది.

"ఇకనుంచి ఎర్తు లేదు. ఖర్చు తగ్గించమన్నారు," అన్నాడు సూపర్‌వైజరు ప్రకాశరావు.

సైదమ్మకు ఒళ్లు మండింది. "పెట్టెను దొంగలెత్తుకుపోకుండా నాలుగు బోల్టులిచ్చారు. మనిషికి కరెంటు కొట్టకుండా ఒక్క తీగ ఇయ్యలేరా సార్? బిందె కడిగిన చేత్తోనే గదా బిళ్ల తీసేది."

"ఏం కాదులే. మెయిను వెయ్యి."

"వేస్తా సార్. చెయ్యి తడుపుకుని మొదటి బిళ్ల మీరే తీయండి," అంటూ సైదమ్మ అక్కడున్న నీళ్ల చెంబు అందుకుని ఆయన ముందు పెట్టింది.

ప్రకాశరావు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.