ఇంట్లో ఎవరూ లేరు

ఉడుత పందికొక్కు దగ్గర వేరుశనగకాయలు అప్పు తెచ్చుకుంది. ఆ ఏడాది వానలు మొహం చాటేశాయి, గడువు దాటిపోయింది. పందికొక్కు వసూలుకి కాకిని పంపింది.

"బయటికి రావే ఉడుతా! తిన్నప్పుడు లేని సిగ్గు ఇప్పుడొచ్చిందా?" అని కాకి తొర్ర ముందు గొంతు చించుకుంది.

ఉడుత తొర్రకి గబగబా పీచు అడ్డం పెట్టి, "ఇంట్లో ఎవరూ లేరు!" అంది.

కాకి ఇంకా రెచ్చిపోయి అడవి మొత్తానికీ వినపడేలా అరిచింది. అంతే, అందరూ పరుగెత్తుకొచ్చారు.

కుందేలు మెల్లిగా, "ఉడుతక్కా, నేనూ పందికొక్కుకి బాకీయే. రేపు నా పరువు తీస్తానని ఈ కాకి బెదిరించింది" అంది.

"అయ్యో, నన్నూ అంతే!" అంది పిచ్చుక.

"నన్నూ!" "నన్నూ!"

ఉడుత పీచు పీకి పారేసి బయటికి దూకింది. "పదండి, అందరం కలిసే పందికొక్కు దగ్గరికి వెళ్దాం! చేలు పండగానే ఇస్తాం, ఇంకోసారి గుమ్మం మీదికి కాకిని పంపితే ఊరుకోమని మొహమ్మీదే చెబుదాం!"

గుంపంతా హోరెత్తుతూ కదిలింది. కాకి నోరెళ్లబెట్టింది.

ఆ చప్పుడు వినగానే పందికొక్కు తన కన్నానికి గబగబా మట్టి అడ్డం పెట్టేసుకుంది.

"ఇంట్లో ఎవరూ లేరు!" అంది లోపల్నుంచి.