ఉప్పునీళ్ళ ప్లేటు

"నువ్వు నిన్న మీ అమ్మని ముట్టుకున్నావు," అన్నాడు ప్రొఫెసర్ రామమూర్తి.

"లేదు సార్," అంది బిందుమాధవి.

ఆయనకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. గుంటూరులోని ఆ ల్యాబులో పిల్లలందరికీ అదే హడల్. ఎర్రబడ్డ ఎడమకన్ను మణికట్టుతో రుద్దుకుంటూ మైక్రోస్కోపు తెర వైపు చూపించాడు. తెర నిండా బిందు పెంచిన కణాలు ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. వాటి మీద మిరపకారం పడి ఉంటే మెరవాల్సిందే. కానీ ఆ ప్లేటులో పోసినవి ఉత్త ఉప్పునీళ్ళు.

మంటని పసిగట్టే కణం పైన రిసెప్టర్ అని, అణువులు వచ్చి అతుక్కునే చోటు ఒకటి ఉంటుంది. మిరపకాయలోని కారం అణువు వచ్చి దానికి అతుక్కోగానే ల్యాబులో పెంచిన ఈ కణాలు మెరుస్తాయి. అది రాకముందే ఇంకో అణువుని పంపి, బస్సు కిటికీలోంచి కర్చీఫు వేసి సీటు ఆపినట్టు, ఆ చోటు ఆపెయ్యాలన్నది బిందు పరిశోధన. కుదిరితే ఎప్పటికైనా నరాల మంటకి మందవుతుంది. మధ్యాహ్నం ప్రాజెక్టుకి డబ్బులిచ్చే కమిటీ వచ్చి చూస్తుంది. ఉత్త ఉప్పునీళ్ళకే కణాలు మెరుస్తున్నాయంటే ఇక ఏ ప్లేటునీ ఎవరూ నమ్మరు. ప్రాజెక్టు పోతుంది, దానితోపాటే బిందు పీహెచ్‌డీ కూడా పోతుంది.

"మీ అమ్మ వచ్చిందని నాకు తెలుసు," అన్నాడాయన.

"వచ్చింది సార్. గేటు అవతలే నిలబెట్టేశాను."

అదీ ఆ ల్యాబు రూలు. మిరపకాయ ముట్టుకున్నవాళ్ళు లోపలికి రాకూడదు, వాళ్ళని ముట్టుకున్నవాళ్ళూ రాకూడదు. ఆ వేళ్ళతో తొడుక్కుంటే గ్లోవ్స్‌కీ కారం అంటుకుంటుంది. పెట్టింది రామమూర్తే. ఇంకే ఊళ్ళో అయినా సరే అనుకోవచ్చు. మిరప కోతల రోజుల్లో గుంటూరులో కూర్చుని సాటి మనిషిని ముట్టుకోవద్దంటే ఎలా కుదురుతుంది? బిందు తల్లి సుబ్బరావమ్మ నల్లపాడు దగ్గర మిరప కల్లాల్లో తొడిమలు తీస్తుంది. ఎంత తోమి కడిగినా ఆ వేళ్ళ కారం ఓ పట్టాన వదలదు. అందుకే కోతలు మొదలైనప్పటినుంచీ బిందు ఇంటిగడప తొక్కలేదు.

"గోంగూర పచ్చడి తెచ్చింది సార్, తీసుకోలేదు," అంది. "'సబ్బు పెట్టి తోముకొచ్చానే, తలన్నా నిమరనీయవా' అంది. నేను వెనక్కి జరిగాను. 'ఏందే, అంటురోగం వచ్చినదాన్ని చూసినట్టు చూస్తన్నావ్' అంది."

"ఇన్నాళ్ళకి కలిసిన తల్లీకూతుళ్ళు ఎడంగా నిలబడి మాట్లాడుకుని వెళ్ళిపోయారంటే నన్ను నమ్మమంటావు."

"నా మాట నమ్మొద్దు సార్. మీరే చూడండి."

గ్లోవ్స్ తీసేసింది. శుభ్రమైన ఉప్పునీళ్ళలో పదివేళ్ళూ ముంచి కాసేపు అలాగే ఉంచింది. కొత్త గ్లోవ్స్ వేసుకుని, ఆ నీళ్ళని కొత్త కణాల మీద పోసి ప్లేటుని మైక్రోస్కోపు కింద పెట్టింది. ఇద్దరూ తెర చూశారు. ఒక్క కణం కూడా మెరవలేదు. తెరంతా చీకటి.

గెలిచినదాని మొహంలా లేదు బిందు మొహం. స్టూలు మీద కూలబడి బావురుమంది.

"ముట్టుకున్నా బాగుండేది సార్. ఈ తిట్లు ఎటూ తప్పలేదు కదా. అమ్మ రోడ్డు మలుపు తిరిగేదాకా వెనక్కి తిరిగి చూసుకుంటానే వెళ్ళింది."

రామమూర్తి ఇంకో స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. కూతురి ఈడు పిల్లని అన్యాయంగా అనేశానని బాధపడ్డాడు. ఆ మాట పైకి చెప్పడం చేతకాక మళ్ళీ కన్ను రుద్దుకున్నాడు.

"ఊరుకోమ్మా. నాకూ బుర్ర పనిచెయ్యట్లేదు. ఈ ఏసీ పడక, నిన్నటినుంచీ కన్ను భగ్గుమంటోంది."

బిందు ఏడుపు ఆపి ఆయన కన్నుకేసి చూసింది. కల్లాల పక్కన పెరిగిన పిల్ల. ఆ ఎరుపు ఏసీ వల్ల వచ్చింది కాదని పోల్చుకోవడానికి ఆమెకి మైక్రోస్కోపు అక్కర్లేదు.

"సార్, పొద్దున ఆ ఉప్పునీళ్ళ ప్లేటు పెట్టింది ఎవరు?"

"నేనే. కమిటీ వచ్చే రోజు కదా, నువ్వు పెడితే ఎక్కడ తప్పు పోతుందోనని..." మాట మధ్యలోనే ఆగిపోయింది.

"మీ వేళ్ళు కూడా ముంచండి సార్."

గ్లోవ్స్ తీసి ముంచాడు. ఆ నీళ్ళు కూడా అలాగే కొత్త కణాల మీద పోసింది. తెర మీద ముందు ఓ మూల ఒక కణం మెరిసింది. దాని పక్కది మెరిసింది. చూస్తుండగానే తెరంతా ఆకుపచ్చగా వెలిగిపోయింది.

ఊరంతా వెతికిన దొంగ ఇంట్లోనే దొరికాడు. ఆయన లేచి గుమ్మం వైపు నడిచాడు.

"కమిటీ వచ్చేలోగా అన్ని ప్లేట్లూ కొత్తగా పెట్టుకో. టైముంది," అన్నాడు. "ఉప్పునీళ్ళు కూడా నువ్వే పొయ్యి. నేను గుమ్మం బయట కూర్చుంటాను."

"మీరు మిరపకాయలు ముట్టుకున్నారా సార్?"

"లేదమ్మా." ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. "సబ్బుతో కడుక్కున్నాను, పోయిందనుకున్నా. నిన్న బస్టాపు దగ్గర మీ అమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, 'పిల్లని మీ చేతుల్లో పెట్టాను బాబూ' అని ఏడ్చింది. చేతులు లాక్కోలేకపోయాను."